నోరు మూసుకుని నవ్విన ఏళ్ళు

జ్వరమొస్తే మన దగ్గర పలకరించడానికి వస్తారు. కాలు విరిగితే బత్తాయిలు తెస్తారు. ఆపరేషన్ అంటే చుట్టాలంతా దిగి మంచం చుట్టూ కూర్చుంటారు. పళ్ళు కదులుతున్నాయని చెప్పి చూడండి, ఒక్కరూ గడప తొక్కరు. "పండ్లేనా, పీకిచ్చుకో, ఒడుస్తది" అని ఫోన్ పెట్టేస్తారు. నాకిప్పుడు ముప్పై మూడేళ్ళు. కింది వరసలో ముందరి రెండు పళ్ళు ఉంటాయా పోతాయా అన్న భయంతోనే ఈ మధ్య కాలమంతా బతికాను. ఇప్పుడు నొప్పి తగ్గింది, నెత్తురు ఆగింది, అన్నం తింటున్నాను. అందుకే కూర్చుని రాయగలుగుతున్నాను.

పళ్ళకు తీగలు కట్టించుకున్నవాళ్ళు ఇప్పుడు మా వైపు ప్రతి వాడలోనూ కనిపిస్తున్నారు. వాళ్ళను బెదరగొట్టాలని రాయడం లేదు. చిగురు దగ్గర నెత్తురు కనిపించిన రోజే ఎవరైనా ఒక్కరు డాక్టరు దగ్గరికి పోతే నాకు చాలు. నిజం చెప్పాలంటే ఇంకో స్వార్థం కూడా ఉంది. లోపల కుక్కి పెట్టుకున్నది ఎక్కడో ఒకచోట పెడితే నాకూ కాస్త తెరిపి.

జనగామ, కరోనాకు రెండేళ్ళ ముందు

మాది నర్మెట్ట దగ్గర ఊరు. బాపు పత్తి వేస్తాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆమె నుంచి నాకు మిగిలినవి ఒక ఫోటో, నోటి నిండా ఎత్తుపళ్ళు. "అచ్చం మీ అమ్మ నోరే" అని చుట్టాలు ముద్దుగా అనేవాళ్ళు. బడిలో మాత్రం ఎవరూ ముద్దుగా అనలేదు. పదో తరగతి దాకా నేను ఎత్తుపండ్ల శైలను. శైలజ అని హాజరు పిలిచే సార్లు మాత్రమే అన్నారు.

చదువు అయ్యాక జనగామలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. రెండో తరగతి పిల్లలకు "మీకిష్టమైనవాళ్ళ బొమ్మ వెయ్యండి" అంటే ఒక పిల్ల నా బొమ్మ వేసింది. చీర బాగుంది, జడ బాగుంది. పెదాల బయట గడ్డపార మొనల్లా రెండు పళ్ళు. పిల్ల ప్రేమగానే వేసింది, నేను నవ్వి తల నిమిరాను. తర్వాత బాత్రూంలోకి పోయి పంపు తిప్పి ఏడ్చాను.

ఆ వారమే బాపు పత్తి తీసుకుని మార్కెట్‌కు వచ్చాడు. టీ హోటల్లో కూర్చుని, పళ్ళకు తీగలు కట్టించుకుంటానని చెప్పాను.

"నొస్తదా బిడ్డా?" అన్నాడు. ఆయనకు తెలిసిన పంటి డాక్టరు పని ఒక్కటే, పీకడం.

"నొయ్యదు బాపు. తీగలతోని గుంజి సక్కగ చేస్తరట."

బాపు గ్లాసు కింద పెట్టి నా మొహం చూశాడు. "నీ నోట్ల మీ అమ్మ కనవడతది నాకు" అన్నాడు. మళ్ళీ తనే, "గని నువ్వు బాధ పడుకుంట ఉండుడెందుకు. కట్టిచ్చుకో" అన్నాడు.

జనగామ డాక్టరు మంచివాడే, ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. మొదటి రోజే ఖచ్చితంగా చెప్పాడు. నెలనెలా రావాలి, తిన్న ప్రతిసారీ తోముకోవాలి, తీగలున్నన్నాళ్ళు నోటిని పసిపిల్లలా చూసుకోవాలి. చెప్పినట్టే చేశాను. బ్రష్షు బ్యాగులోనే ఉండేది. మక్క కంకులు మానేశాను, చెరుకు మానేశాను. నెలకింత చొప్పున పళ్ళు వెనక్కి పోతుంటే అద్దం ముందు నుంచి కదలబుద్ధి అయ్యేది కాదు. ఒకరోజు పెదాలు వాటంతట అవే కలిశాయి. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ సంతోషం అబద్ధం కాదని కూడా ఇక్కడ రాయాలి.

భూపాలపల్లి, పెళ్ళి, తర్వాత కరోనా

తీగలు ఉండగానే సంపత్‌తో పెళ్ళి కుదిరింది. వాళ్ళది భూపాలపల్లి, ఆయనకు బొగ్గుబాయిలో ఉద్యోగం. పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ పొద్దంతా ఒకే మాట, "నోరు మూసి నవ్వుండి మేడం, లైటుకు తీగలు మెరుస్తున్నయి". సంపత్ నా చెవి దగ్గరికి వంగి, "తీసినంక మళ్ళ దిగుదాం తియ్" అన్నాడు. ఆ మాటకు ఆయన మీద ప్రేమ పుట్టింది.

భూపాలపల్లి నుంచి జనగామ అంటే హన్మకొండలో బస్సు మారాలి, రాను పోను ఒక రోజు పని. నెలకోసారి పోవాల్సింది రెండు నెలలకు ఒకసారి అయింది. కడుపుతో ఉన్నాక వాంతులు, బస్సు ఎక్కలేకపోయాను. అది అయ్యేసరికి లాక్‌డౌన్. క్లినిక్ మూతబడింది. గుంజుతున్న తీగలు గుంజుతున్నట్టే నోట్లో ఉన్నాయి, వాటిని చూసే మనిషి లేడు.

చిగుళ్ళ నుంచి నెత్తురు మొదలైంది అప్పుడే. పొద్దున ఉమ్మితే ఎర్రగా పడేది. మా అత్తమ్మకు చూపించాను.

"వేడి చేసింది బిడ్డా" అంది. "మన భూపాలపల్లి ఎండకు రాళ్ళే పలుగుతయి, చిగుర్లెంత."

మా దగ్గర వేడికి చెందని రోగం లేదు. తల నొచ్చినా వేడే, కళ్ళు ఎర్రబడినా వేడే. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది, బార్లీ కాచి ఇచ్చింది, మజ్జిగ ఇచ్చింది. అన్నీ తాగాను. నాకూ వేడే అనిపించింది. డాక్టరుకు ఫోన్ చేస్తే, వదలకుండా మెల్లగా తోముకొమ్మని, దారులు తెరవగానే రమ్మని చెప్పాడు.

పాప పుట్టింది. ఆద్య. అమ్మ లేదు కాబట్టి పుట్టింటి కాన్పు లేదు, అంతా అత్తమ్మే చూసుకుంది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, వేడి నీళ్ళు, కారప్పొడి అన్నం. ఇక ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. బాలింత పళ్ళు వదులుగా ఉంటాయట. బ్రష్షు తాకితే ముసలితనానికి ముందే ఊడతాయట. అత్తమ్మకు వాళ్ళ అత్త చెప్పింది, ఆమెకు వాళ్ళ అత్త. నా బ్రష్షు తీసి అటక మీద పెట్టింది. పొద్దున వేలితో అంత ఉప్పు, పుక్కిలించడానికి గోరువెచ్చని నీళ్ళు, తిన్నాక తమలపాకు వక్క. పచ్చి ఒళ్ళు ఆరే దాకా, అంటే నెలల తరబడి, నా నోరు నడిచింది దానితోనే. తీగల సందుల్లో ఏముందో ఎవరూ చూడలేదు.

డాక్టరు చెప్పింది నీకు గుర్తులేదా అని ఇప్పుడు అందరూ అడుగుతారు. గుర్తుంది. కానీ ఆమె నాకు కలిపి ముద్దలు పెట్టేది. నా పాప ఏడిస్తే నా కంటే ముందు లేచేది. స్నానం చేయించి తల తుడుస్తూ, "మా శైల ఎముకలు గట్టివడాలె" అనేది. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి నా తల ఎవరూ తుడవలేదు. ఆ చేతిని కాదని అటకెక్కి బ్రష్షు తెచ్చుకోవడం నా వల్ల కాలేదు.

దారులు తెరిచాక జనగామ పోతే డాక్టరు లైటు వేసి ఒక్కో పంటి దగ్గరా చిగురు తాకి చూశాడు. చిగుళ్ళు దిగాయమ్మా, ఇక తీగలు ఉంచకూడదన్నాడు. తీసేశాడు, శుభ్రం చేశాడు, వదలకుండా చూపించుకొమ్మన్నాడు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే వరస చక్కగా ఉంది, సినిమావాళ్ళ నోరులా ఉంది. కింది రెండు పళ్ళు మాత్రం మిగతావాటికంటే పొడుగ్గా కనిపించాయి. పన్ను పెరిగిందనుకున్నాను. పన్ను పెరగదు, చిగురు కిందికి దిగితే అట్లా కనిపిస్తుందని తర్వాత తెలిసింది.

"మంచిగనే ఉన్నయి గదా" అన్నాడు సంపత్. అప్పుడు అందరికీ మాస్కులు ఉండేవి. నేను బాగున్నానో లేదో చూసేవాళ్ళు ఎవరూ లేరు.

మహబూబాబాద్, నిరుడు, అంతకు ముందు ఏడాది

ప్రభుత్వ టీచరు ఉద్యోగం వచ్చింది, మహబూబాబాద్ దగ్గర ఊళ్ళో. ఇక్కడి పాతవాళ్ళు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. పాపను తీసుకుని టౌనులో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాను. సంపత్ సెలవు దొరికినప్పుడు వచ్చేవాడు.

చల్లని నీళ్ళు తాకితే కరెంటు కొట్టినట్టు ఉండేది. చింతపండు పులుసు మానాను, తర్వాత మామిడికాయ, తర్వాత టమాట. చలికాలం పొద్దున ఆటోలో గాలి తగిలినా జివ్వుమనేది, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని. పళ్ళ మధ్య చిగురు లేక నల్లటి సందులు పడ్డాయి. అన్నం మెతుకులు అందులో ఇరుక్కునేవి, నలుగురిలో తినడం మానేశాను. బడిలో నవ్వొస్తే పుస్తకం అడ్డం పెట్టుకునేదాన్ని. అంటే ఎత్తుపళ్ళ శైల ఎట్లా నవ్విందో అట్లాగే. ఇన్నేళ్ళ కష్టం తర్వాత మళ్ళీ అక్కడికే వచ్చి కూర్చున్నాను.

ఒకరోజు పెరుగన్నం తింటున్నాను. పెరుగన్నం, చూడండి. నాలుక కింద ఏదో కదిలింది. రాయి అనుకుని వేలు పెట్టాను. రాయి కాదు, నా పన్ను. ముందుకు నెడితే ముందుకు పోతోంది. పళ్ళెం పక్కన పెట్టి అట్లాగే కూర్చుండిపోయాను.

ఆ రోజు నుంచి నాలుక అక్కడే. పాఠం చెబుతున్నా, కూర తరుగుతున్నా, నాలుక పోయి ఆ పన్నును తడిమి వచ్చేది. పళ్ళు ఊడినట్టు కలొస్తే ఇంట్లో ఎవరో పోతారని మా వైపు అంటారు. నాకు ఆ కలే మళ్ళీ మళ్ళీ వచ్చేది. వచ్చిన ప్రతి పొద్దున బాపుకు ఫోన్ చేసేదాన్ని. "ఏంది బిడ్డా, గింత పొద్దుగాల?" అనేవాడు. ఊరికే అనేదాన్ని.

సంపత్‌తో గొడవలు మొదలయ్యాయి. ఆయన చెడ్డవాడు కాదు, పన్ను ఒక రోగమని ఆయనకు ఎవరూ చెప్పలేదు అంతే.

"నువ్వు నవ్వి ఎన్ని దినాలైతుంది?" అన్నాడు ఒక ఆదివారం. "నేనింటికొస్తే మొఖం అటు తిప్పుతవ్. గా పండ్లకింత లొల్లి ఎందుకు శైలా? బాయిల కాళ్ళిరిగినోళ్ళు సుత గిట్ల లేరు."

"నీకు పండ్లున్నయి కాబట్టి మాట్లాడుతున్నవ్" అన్నాను.

తినకుండా పడుకున్నాడు. పాప ఇద్దరి మధ్య కూర్చుని బొమ్మకు జడ వేస్తూ మా ఇద్దరి మొహాలూ చూసింది. పళ్ళకంటే ఆ చూపే నన్ను డాక్టరు దగ్గరికి నడిపించింది.

మానుకోట క్లినిక్కు బట్టల షాపు మీద, మెట్లెక్కి పోవాలి. పంటి దవాఖాన వరండాలో ఎవరూ మాట్లాడుకోరు, అందరూ దవడ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటారు. లోపల మిషన్ గుర్రుమన్నప్పుడల్లా బయట ఉన్నవాళ్ళ మొహాలు కలిసికట్టుగా చిట్లుతాయి. మొదటి రోజు నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. పక్కన తండా నుంచి వచ్చిన ఒక అవ్వ కూర్చుంది. నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఏడ్వకు బిడ్డా" అంది. "నాయి అన్ని పోయినయి. బువ్వయితే పోతనే ఉన్నది లోపలికి."

ఏడుస్తూనే నవ్వాను. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అవ్వ నోట్లో ఒక్కటి లేదు, ఆమె ముందు సిగ్గెందుకు.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. ఎక్స్‌రే ఫిల్ము లైటుకు పెట్టి నిదానంగా చెప్పింది. నా కింది దవడలో ముందరి ఎముక పుట్టుకతోనే పలుచన. తీగలు పళ్ళను ఆ పలుచని ఎముక దాకా తోశాయి. ఉండాల్సినదానికంటే ఎక్కువ రోజులు ఉన్నాయి. పాచి పేరుకుంది, కాన్పు వల్ల చిగుళ్ళు వాచాయి. "ఒక్క కారణం కాదు మేడం, ఎవరినీ తిట్టుకోకండి" అంది. కుడి పన్నుకు అంగిట్లో నుంచి కొంచెం చర్మం తీసి అతికించవచ్చు, అది నిలవొచ్చు. ఎడమది మాత్రం చూద్దాం అంది. డాక్టర్లు చూద్దాం అంటే అర్థం ఏమిటో అందరికీ తెలుసు. అయినా నేను ఆ చూద్దాం పట్టుకునే వేలాడాను.

ఆపరేషన్‌కు సంపత్ వచ్చాడు, చెప్పకుండానే వచ్చాడు. మెట్ల మీద కూర్చున్నాడట పొద్దంతా. నేను బయటికి వచ్చేసరికి ఆయన మొహం సున్నం కొట్టినట్టుంది. "గింత నెత్తురా శైలా" అన్నాడు, దూది చూసి. అప్పటి నుంచి లొల్లి అన్న మాట ఆయన నోట రాలేదు.

అంగిట్లో పుండు, మాట్లాడకూడదన్నారు. సెలవులు అయిపోయాయి, బడికి పోయి బోర్డు మీద రాస్తూ పాఠం చెప్పాను. ఎవరూ చెప్పకుండానే పిల్లలు కూడా గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టారు. టీచరు నోరు నొస్తుందని అటెండరు దగ్గరికి పోయి గంట కూడా మెల్లగా కొట్టమన్నారు. మాతో పనిచేసే మేరీ అక్క రోజూ డబ్బాలో చల్లార్చిన జావ తెచ్చేది. "చర్చిల నీ పంటి గురించి ప్రార్థన చేయించిన" అంది ఒకరోజు. దేవుడికి ఇంత చిన్న పని చెప్పారా అని నాకు సిగ్గేసింది, కడుపు నిండింది.

అత్తమ్మ భూపాలపల్లి నుంచి వచ్చి నా దగ్గరే ఉంది. కుట్లు తీసే రోజు నాతో పాటు లోపలికి వచ్చి డాక్టరమ్మ చెప్పినదంతా విన్నది. తిరిగి ఆటోలో వస్తున్నాం. కొంగు వేలికి చుడుతూ విప్పుతూ ఉంది.

"నేనే ఖరాబ్ చేసిన్నా బిడ్డా?"

"కాదు అత్తమ్మా. తీగలతోని అయ్యింది."

"బ్రష్షు తీసి అటక మీద పెట్టింది నేనే గదా."

ఆ మాట ఆమె నోట వినాలని నాకు ఎన్ని రోజుల నుంచో ఉండేది. ఆమె మీద కోపం మింగుతూనే ఉన్నాను, జావతో పాటు. తీరా వింటే నాకు ఏ తృప్తీ కలగలేదు. అరవై దాటిన మనిషి, నాకు ముద్దలు పెట్టిన చెయ్యి, ఆటోలో ఇంకా కొంగు చుడుతూనే ఉంది. ఆ చెయ్యి పట్టుకున్నాను. ఇల్లు వచ్చే దాకా వదల్లేదు.

మహబూబాబాద్, ఈ చలికాలం

కుడి పన్ను నిలిచింది. అతికించిన చర్మం గులాబీ రంగు తిరిగి పట్టుకుంది. ఎడమ పన్ను కింద ఎముక మిగల్లేదు. వెనక నుంచి సన్నని తీగతో పక్క పళ్ళకు కట్టి చూశారు, ఎన్నాళ్ళు కట్టినా వేరు లేని మొక్క నిలబడదు. ఇక ఉంచితే పక్కవాటిని కూడా చెడగొడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆమె కళ్ళు కూడా తడిగా ఉన్నాయి. సరే అన్నాను. ఆ ఒక్క మాట అనాల్సి వస్తుందనే ఇన్నేళ్ళు తప్పించుకు తిరిగాను.

అదే వారంలో మా ఆద్యకు మొదటి పాలపన్ను ఊడింది. కింది వరస, ముందరిది. బాపు ఊరి నుంచి నన్ను చూడటానికి వచ్చి ఉన్నాడు. మనవరాలి పన్నును ఆవుపేడలో పెట్టి ఉండ చేసి, ఆమెను వాకిట్లో నిలబెట్టి, ఇంటి మీదికి విసిరాడు. "మంచి పన్ను రావాలె అని సూర్యునికి మొక్కు" అన్నాడు. పిల్ల చేతులెత్తి మొక్కింది.

నా పన్ను తీయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దానికోసం పడ్డ భయం ముందు అది ఏమీ కాదు. డాక్టరమ్మ దూదిలో పెట్టి, పారేయమంటారా అంది. ఏమో, ఇవ్వండి అన్నాను. పిడికిట్లో పట్టుకుని ఇంటికొచ్చాను. బాపు వాకిట్లో ఉన్నాడు, దూది విప్పి చూపించాను. చేతిలోకి తీసుకున్నాడు.

"నా అసొంటి ముసలోనియి పోవాలె గని" అన్నాడు. "మీ అమ్మ పన్ను బిడ్డా ఇది." మొహం అటు తిప్పుకున్నాడు.

ఆద్య ఉరికొచ్చింది. నా నోరు చూసింది, దూది చూసింది. ఆమె మొహంలో సంతోషం పొంగింది.

"అమ్మా, నీది సుత ఊడిందా? తాతా, అమ్మది గూడ ఎయ్యి."

బాపు నా వంక చూశాడు. నేను తల ఊపాను. పెరటి దాకా పోయి పేడ తెచ్చాడు. పన్ను అందులో పెట్టి ఉండ చేశాడు, పైకి విసిరాడు. ఆద్య నా రెండు చేతులూ కలిపి పట్టుకుని సూర్యుడి వైపు ఎత్తింది. ఇద్దరం మొక్కాం.

ఇప్పుడు ఆద్య చిగురులో నుంచి బియ్యపు గింజంత తెల్లగా కొత్త పన్ను కనిపిస్తోంది. పొద్దున్నే నా మోకాళ్ళ మధ్య నిలబడి అద్దంలో తన నోరు చూసుకుంటుంది. తర్వాత నన్ను తెరవమంటుంది. చూపుడు వేలు కడుక్కుని వచ్చి నా ఖాళీ చిగురు మీద మెల్లగా పెట్టి, అటూ ఇటూ తడిమి చూస్తుంది. నేను కృత్రిమ పన్ను పెట్టించుకోవాలి, డాక్టరమ్మ రమ్మంటోంది. వచ్చే వారం, వచ్చే వారం అని వాయిదా వేస్తున్నాను.

నిన్న కూడా తడిమి చూసింది. వేలు తీసి, నేను బాధపడతానని కాబోలు, నా గడ్డం పట్టుకుంది.

"నువ్వు పెద్దగున్నవ్ గదమ్మా. నీది జర ఆలస్యంగ వస్తది."

"అవు బిడ్డా" అన్నాను.